మొగతాంబూలం

శుభకృత్తు నామ సంవత్సర మాఘ బహుళ తదియ, సోమవారం. ఇంగ్లీషు లెక్కకు 1963వ సంవత్సరం ఫిబ్రవరి పదకొండవ తేదీ. ఉదయం తొమ్మిది గంటల వేళ. తెల్లవారుజామున కురిసిన మంచు గూడూరు రైలుస్టేషను పెంకుల మీద ఇంకా ఆరలేదు. ఆకాశంలో మబ్బు తునక లేదు. తూర్పు నుండి వీచే చల్లగాలి ఊరిలోని నిమ్మకాయల వాసనను మోసుకొనివచ్చి ప్లాట్‌ఫారం మీద పరుస్తున్నది. ఆ వేళ, ఆ గాలిలో, మొగపాళెం తండేలు పోలయ్యకు, గూడూరులో ఇంజన్లు బాగుచేసే దరియావలికి మొదటిసారి పరిచయమయింది. ఇద్దరిలో ఎవరూ ఆ పరిచయాన్ని కోరి రాలేదు. మద్రాసు పోయే బండి ఆలస్యం కావడమే అందుకు కారణం.

మొగపాళెం వాకాడుకు తూర్పున, ఏరు సముద్రంలో కలిసే చోట ఉన్న చేపలవారి పల్లె. ఏటి నీరు కడలిలో పడే ఆ ఇరుకుదారిని ఆ తీరం వారు మొగ అంటారు. వేటకు పోవాలన్నా మొగ దాటాలి; వేట ముగించుకొని ఇల్లు చేరాలన్నా మొగ దాటాలి. అక్కడ ఏరు బయటికి తోస్తుంది, సముద్రం లోపలికి తోస్తుంది, నడుమ ఇసుకతిప్ప నిన్న ఉన్నచోట నేడు ఉండదు. పడవ వెనుక కూర్చొని, చుక్కాని తెడ్డు రెండు చేతులా పట్టి, ఆ పోరు మధ్య నుండి పడవను నడిపించగలవాడే తండేలు. పడవలో ఉన్నవారందరి ప్రాణాలకు పూచీ పడ్డవాడని ఆ మాటకు ఆ పల్లెలో అర్థం.

పోలయ్య యౌవనం నుండి ఆ పూచీ మోసినవాడు. గడచిన కార్తికంలో మొగ దగ్గర ఒక కెరటం అడ్డం తిరిగి అతనిని పడవ అంచుకేసి కొట్టింది. కుడి భుజం విరిగింది. పుత్తూరు కట్టు కట్టించుకున్నాడు. ఎముక అతికింది గాని, చెయ్యి మాత్రం భుజం దాటి పైకి లేవనని మొరాయించింది. చుక్కాని తెడ్డు ఒంటిచేతికి లొంగేది కాదు. పాళెం పెద్దలు అతనిని గౌరవించేవారే అయినా, కట్టుబాటు కట్టుబాటే. "ఉగాది నాటికి నీ చేత్తో నువ్వు పడవను మొగ దాటించి తిరిగి తెస్తే నీ తండేలు పీట నీది. తేలేకపోతే నీ బావమరిది వెంకయ్యది," అని తేల్చి చెప్పారు. పీట పోయినవాడికి ఒడ్డున తాటాకు పందిరి ఒకటి ఉన్నది. దాని కింద ముసలివారు కూర్చొని చినిగిన వలలు అల్లుకుంటూ, తమ కాలపు చేపలు ఎంతెంత పెద్దవో చెప్పుకుంటూ ఉంటారు. పోలయ్య ఆ పందిరి వైపు చూడకుండా చుట్టు తిరిగి నడిచేవాడు.

అట్టివానికి ఆశ కలిగించినది మోటారు. కిందటేడు కృష్ణపట్నం రేవులో ఒక పడవ వెనుక చెక్కకు మోటారు తగిలించి ఉండడం చూశాడు. నడిపేవాడు ఒంటిచేత్తో దాని పిడి పట్టి అటూ ఇటూ తిప్పుతున్నాడు. పడవ చెప్పినమాట వింటున్నది. ఆ పిడి ఎడమచేతి వాటానికే ఉన్నది. ఆనాడు వినోదంగా చూసిన దృశ్యమే భుజం విరిగిన తరువాత అతనికి రాత్రింబవళ్లు కళ్లకు కట్టసాగింది. సహకార సంఘం ద్వారా వాయిదాల మీద కొత్త మోటారు ఇప్పించే ఏర్పాటు ఉన్నదని విని, దానిని కంటితో చూడడానికి మద్రాసు బయలుదేరాడు. వెంట వెంకయ్య వచ్చాడు.

"మోటారు దొరికితే పీట నీకు, దొరక్కుంటే నాకు. ఏదైనా మనింట్లోనే ఉంటది గదా బావా," అన్నాడు వెంకయ్య స్టేషను బెంచీ మీద ఒళ్లు విరుచుకుంటూ. "ఇప్పుడు మాత్రం నాకు నాలుగిడ్లీలు గావాల."

ఇడ్లీల కోసం ఊరిలోకి నడుస్తూ ఉండగా నిమ్మకాయల మార్కెట్టు వెనుక నుండి పోలయ్య చెవిన ఒక చప్పుడు పడింది. నీళ్లలో ఏదో ఉక్కిరిబిక్కిరి అవుతున్నట్టు బుడబుడమనే శబ్దం. పోలయ్య ఆగిపోయాడు. కృష్ణపట్నంలో విన్న చప్పుడే అది.

రేకుల పాక ముందు ఒక సిమెంటు తొట్టి, తొట్టి అంచున ఒక పలక, పలకకు బిగించిన మోటారు. దాని పంకా అడుగున తిరుగుతుంటే తొట్టిలోని నీళ్లు ఎసరులా కుతకుతలాడుతున్నవి. పక్కన గళ్ల లుంగీ కట్టుకొని, నూనె మరకల బనీను తొడిగిన సన్నని మనిషి తల ఒకవైపు వాల్చి, వైద్యుడు నాడి చూసినట్టు వింటున్నాడు. అతడే దరియావలి. పొలాలకు నీళ్లు తోడే ఇంజన్లు, కుట్టు మిషన్లు, సైకిళ్లు, ఏది తెచ్చినా కాదనేవాడు కాడు.

"ఏం సాయిబన్నా, తొట్లో చేపలు పడతండావా?" అన్నాడు వెంకయ్య.

"చేపలు మీరు పట్టుకోండి. నేను దీని దమ్మెంతుండాదో చూస్తుండా," అని దరియావలి తల ఎత్తకుండానే బదులు చెప్పి, మోటారు ఆపాడు.

"యాడిదన్నా ఇది?" పోలయ్య తొట్టి దగ్గర గొంతుకూర్చున్నాడు.

"మా ఊరి అభ్రకం షావుకారు ఒకాయన పులికాటులో బాతుల వేటకని తెప్పించినాడు. రెండు చలికాలాలు తిరిగినాడు. బాతుల ఉసురు తగులుద్దని వాళ్లమ్మ ఏడిస్తే మానుకున్నాడు. కొట్లో మూలబడి ఉంటే నేను తీసుకున్నా."

"ఉప్పునీళ్లు తగిలినాయా?"

"తగలకుండా ఎట్టుంటాయి? లోపల నీళ్లు పారే దోవంతా ఉప్పు గట్టి ఉండింది. గీకి, నిమ్మరసం పోసి కడిగినా. ఇదిగో చూడు, ఈ రెక్క కొన ఇరిగి ఉండాది. ఈ మర నేను చేయించి ఏసినాను, కంపెనీది కాదు."

అడగకముందే లోపాలు చూపే అమ్మకందారుని పోలయ్య అంతవరకు చూసి ఎరుగడు. అతని మనసు ఒక అంగుళం అటు ఒరిగింది. "మొగలో నడుస్తదా?" అన్నాడు.

"అది నాకు తెలవదన్నా. నేను ఎప్పుడూ సముద్రం ఎక్కలేదు."

"నీ పేరేంది?"

"దరియావలి."

వెంకయ్య పకపక నవ్వాడు. "దరియా అంటే మీలో సముద్రమే గదన్నా! పేరంత పెద్దది పెట్టుకొని కాలు కూడా తడవలేదా?"

"మాయమ్మ మొక్కుకొని పెట్టింది. పేరైతే పెట్టింది గాని ఈత నేర్పలా," అన్నాడు దరియావలి తానూ నవ్వుతూ.

పోలయ్య నవ్వలేదు. తమ పాళెం కట్టుబాటు ఒకటి ఉన్నదని మెల్లగా చెప్పాడు. పడవ గాని, తెప్ప గాని అమ్మినవాడు, కొన్నవానితో కలిసి తొలిసారి దానిలో కూర్చొని మొగ దాటాలి. దాటేటప్పుడు నోట తాంబూలం ఉండాలి. తిరిగి ఒడ్డున కాలు పెట్టేవరకు దానిని ఉమ్మకూడదు. ఉమ్మితే బేరం చెడినట్టే. అమ్మే వస్తువు మీద అమ్మేవానికి నమ్మకం ఉన్నదీ లేనిదీ తేల్చడానికి పూర్వులు పెట్టిన పరీక్ష అది. దానినే మొగతాంబూలమంటారు.

దరియావలి గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. అంతలో స్టేషను వైపు నుండి కూత వినబడింది. "ముందు పోయి కొత్తది చూసి రాపోన్నా," అన్నాడు. "రెండూ చూస్తే గదా మనసుకు తెలిసేది."

మద్రాసులో కంపెనీ కొట్టు అద్దాల తలుపులతో మిలమిలలాడుతున్నది. సంజీవరావు అనే తెలుగు ఉద్యోగి వారిని కుర్చీలలో కూర్చోబెట్టి, కాఫీ తెప్పించి, సరుకు చూపించాడు. నీలిరంగు మోటారు, గీత పడని కవచం, తాడు లాగితే రెండవ లాగుడు అవసరం లేని ఇంజను. వెంకయ్య దానిని వేలితో తాకి, వేలిని చూసుకొని, మళ్లీ తాకాడు. "పెండ్లికూతురు మాదిరుండాది బావా," అన్నాడు గుసగుసగా.

పోలయ్య అడిగిన ప్రతి ప్రశ్నకూ సంజీవరావు ఓపికతో జవాబు చెప్పాడు. ఏడాదిలోపు ఏది చెడినా కంపెనీదే పూచీ. అయితే ఇంజను మూతకు వేసిన సీలు ఎవరూ విప్పకూడదు. విప్పితే ఆ పూచీ పోతుంది. చెడితే మద్రాసు తేవలసిందే.

"అయ్యా, మొగ మధ్యన ఆగిపోతే?"

"ఆగదండీ. కొత్తది కదా."

"ఆగితే?"

"తెడ్లు దగ్గర పెట్టుకోండి పోలయ్యగారూ. ఎంత మంచి మోటారున్నా తెడ్లు ఉండాలి. ఇది కంపెనీ మాట కాదు, నా మాట."

ఆ మాట పోలయ్యకు నచ్చింది. మొగతాంబూలం సంగతి చెప్పి, వచ్చి తమ పడవలో కూర్చుంటారా అని అడిగాడు. సంజీవరావు ఎగతాళి చేయలేదు. "రావాలనే ఉందండీ. కాని కొట్టు విడిచి వచ్చే అధికారం నాకు లేదు. సంఘం పేరు మీద ఈ ఒక్క మోటారును ఉగాది దాకా పక్కన పెట్టి ఉంచగలను. అంతవరకు నా చేతిలో ఉంది," అన్నాడు.

తిరుగు బండిలో వెంకయ్య వాదానికి దిగాడు. "కొత్త ఒక వింత, పాత ఒక రోత అంటారు గాని బావా, దీంట్లో వింతే మేలు. ఇంకొకడు వాడి పారేసింది మనకెందుకు?"

"మనం పడవ కొనేటప్పుడు వాడిందే గదరా కొనేది. వాడిన పడవ నీళ్లు తాగి బిగిసి ఉంటది. యాడ కారుతుందో అమ్మినోడికి తెలుసు."

"కొయ్య నీళ్లు తాగితే బిగుస్తది. ఇనుము తాగితే తినిపోతది. రెండూ ఒకటేనా?"

వెంకయ్య మాటలో న్యాయం ఉన్నది. పైగా తనకు పీట దక్కకపోయినా బావకు మేలైనదే రావాలని వాదిస్తున్నాడాయె. అయినా గూడూరులో దిగినప్పుడు పోలయ్య కాళ్లు వాటంతట అవే నిమ్మకాయల మార్కెట్టు వైపు సాగినవి. దరియావలి అతనిని చూసి, ప్రశ్న కోసం ఎదురుచూడకుండా, "వస్తానన్నా. తీసుకొని నేనే వస్తా. మీ తాంబూలం కూడా ఏసుకుంటా. అల్లా ఉండాడు," అన్నాడు.

ఇంట్లో పోలయ్య భార్య మాలకొండమ్మ బావా బావమరుదులిద్దరి మాటలూ విన్నది. చేపల గంప నెత్తిన పెట్టుకొని లోపలి ఊళ్లకు తిరిగి అమ్మేది ఆమె. సంసారంలో తూకం తెలిసిన మనిషి. "కొత్తదే తీసుకో," అన్నది. "నడిమొగలో ఆ పాతది నిలిచిపోతే పీట అడుక్కోను ప్రాణంతో ఉంటావా? పీట పోతే పోయింది. పందిట్లో కూర్చున్నా నా కళ్ల ముందు ఉంటావు."

"పందిట్లో కూర్చుంటే నేను ఉండీ లేనట్టేనే," అన్నాడు పోలయ్య.

ఫాల్గుణం ప్రవేశించిన తరువాత ఒకనాటి ఉదయం దరియావలి వచ్చాడు. మోటారును గోనెపట్టాలో చుట్టి, రోగిని తెచ్చినట్టు వాకాడు దాకా బస్సులోనూ, అక్కడి నుండి ఎద్దుబండిలోనూ తెచ్చాడు. చంకన పనిముట్ల సంచి. సంచిలో పానాలతో పాటు నిమ్మకాయలు. పోలయ్య ముందుగానే పడవ వెనుక తుమ్మచెక్క బిగించి ఉంచాడు. మోటారు దానికి తగిలించి, ఏటి నిలకడ నీటిలో ఆ ఉదయమంతా తిప్పి చూశారు. ఎడమచేతిలోని పిడి మాట విన్నది. ఏటి ఒడ్డున జనం గుమిగూడారు. పోలయ్య ముఖంలో కార్తికం తరువాత మొదటిసారి వెలుగు కనబడింది. మధ్యాహ్నం ఎండ తగ్గి, పోటు నీరు నిండిన తరువాత మొగలోకి పోదామని నిశ్చయించుకొని, పడవను ఇసుక మీదికి లాగి, మగవారు భోజనాలు చేసి నీడ పట్టున నడుము వాల్చారు.

మధ్యాహ్నం వేళ ఒడ్డున ఉన్న పడవల మీద ఉప్పునీళ్లు చల్లడం ఆ పాళెంలో ఆడవారి పని. ఎండకు పలకలు ఆరితే అతుకులు విచ్చుకుంటవి. కనుక కుండలతో సముద్రపు నీరు తెచ్చి ముక్కు నుండి తోక వరకు తడుపుతారు. తడిపిన పడవ నూరేళ్లు బతుకుతుందని వారి నమ్మిక. ఆనాడు కూడా మాలకొండమ్మ తన పడవను తడిపింది. వెనుకకు వచ్చేసరికి తుమ్మచెక్కకు వేలాడుతున్న మోటారు కనబడింది. చెయ్యి పెట్టి చూస్తే ఇంకా వేడిగా ఉన్నది. అయ్యో, ఇది కూడా ఎండకు మాడుతున్నదే అనుకున్నది. ఈ మోటారు వద్దని తాను అన్న మాట కూడా ఆమెకు జ్ఞాపకం వచ్చి ఉండాలి. అందుకే మిగిలిన పలకల కంటె దానికి మరింత శ్రద్ధ చేసింది. పై మూత ఎత్తి, లోపల కూడా చల్లబడాలని, నిండుకుండ నీళ్లు నిదానంగా పోసింది.

సాయంకాలం పడవ నీటిలో దిగింది. ఒడ్డున పెద్దలు నిలబడ్డారు. పోలయ్య తాడు చుట్టి ఎడమచేత్తో లాగాడు. మోటారు పలకలేదు. మళ్లీ లాగాడు. దరియావలి లాగాడు. వెంకయ్య రెండు చేతులా లాగి వెల్లకిలా పడ్డాడు. ఒడ్డున పిల్లలు నవ్వారు. పెద్దలు నవ్వలేదు. అదే మరింత బాధాకరమయింది.

"పాతది పాతదే బావా," అన్నాడు వెంకయ్య పైకి లేస్తూ. ఆ కంఠంలో సంతోషం లేదు. "మద్రాసుది తెచ్చుకుందాం పా."

పోలయ్యకు తాటాకు పందిరి నీడ తన మీద పడినట్టయింది. అతడు పడవలోనే కూలబడ్డాడు. దరియావలి మాత్రం మూత ఎత్తి, లోపల వేలు పెట్టి, ఆ వేలిని నాలుకకు తాకించుకున్నాడు.

"ఉప్పు," అన్నాడు. "పొద్దున లేదు. దీంట్లో నీళ్లెవరు పోసినారు?"

గుంపును చీల్చుకొని మాలకొండమ్మ ముందుకు వచ్చింది. "నేనే పోసినాను సాయిబన్నా. ఎండకు పగులుద్దని పోసినా. పడవకు మంచిదైతే దానికి మాత్రం కాదా?"

జనమంతా గొల్లున నవ్వారు. పోలయ్యకు కోపం రావలసిన సమయమే. కాని, ఆ మోటారును వద్దన్న మనిషే దానికి దాహం తీర్చిందన్న తలపు రాగానే అతనికీ నవ్వాగలేదు. దరియావలి నవ్వుతూనే చేతులు జోడించాడు. "మంచిదేనక్కా, నీ మనసు మంచిదే. దీని కడుపుకే పడలా. తెల్లారేసరికి కుదురు చేస్తా. ఒక చాప, తీపినీళ్లు, కిరసనాయిలు ఇప్పించు."

ఇసుక మీద చాప పరిచి, చీకటి పడేలోగా అతడు మోటారును విప్పాడు. చేప కోసినట్టు కోశాడని వెంకయ్య తరువాత చెప్పుకున్నాడు. ఒక్కొక్క ముక్కనూ ఉప్పులేని తీపినీటిలో కడిగి, కిరసనాయిలులో ముంచి, తుడిచి వరుసగా పెట్టాడు. నిప్పురవ్వ పుట్టించే చోట పచ్చగా చిలుము మొదలయి ఉంటే, నిమ్మచెక్కతో రుద్ది వదిలించాడు. పోలయ్య ఎదురుగా కూర్చొని, ఎడమచేత్తో ముక్కలు అందిస్తూ, ప్రతిదానికీ పేరు అడిగాడు, పని అడిగాడు. ప్లగ్గు అంటే ఏమిటో, అది తడిస్తే ఏమవుతుందో, పెట్రోలు ఏ దారిన వస్తుందో, నీళ్లు ఏ దారిన పోతవో తెలుసుకున్నాడు. పడవ ఎముకలన్నీ ఎరిగిన మనిషికి ఇది మరొక రకపు అస్థిపంజరంగా తోచింది. తిరిగి బిగించేటప్పుడు దరియావలి తన చేతులు వెనుకకు కట్టుకున్నాడు.

"నువ్వు బిగించన్నా. నేను చూస్తా."

"ఒంటిచేత్తో ఎట్టా?"

"మొగలో నీకు సాయం చేసేదానికి నాకు నాలుగు చేతులుంటాయా? నాకసలు కళ్లే ఉండవు, మూసుకుంటా."

పోలయ్య బిగించాడు. ఒక మర తప్పు చోట పెడితే దరియావలి దగ్గాడు. అతడు సరిదిద్దుకున్నాడు.

మరునాడు తొలిపొద్దున, సముద్రం రాగిరేకులా మెరుస్తున్న వేళ, పడవ మొగ వైపు బయలుదేరింది. ముందు వెంకయ్య, నడుమ ఇద్దరు తెడ్లవాళ్లు, వెనుక పిడి పట్టి పోలయ్య. అతని మోకాళ్ల దగ్గర రెండు చేతులా పడవ అంచును కరచుకొని, చెంపలో తాంబూలం బిగించి, కళ్లు గట్టిగా మూసుకొని దరియావలి. పాళెం పెద్దలలో ముఖ్యుడైన పెద్దకాపు తన చేతితో ఆ తాంబూలం అందించాడు. మాలకొండమ్మ ఒడ్డున నిలబడి కొంగు నోటికి అడ్డుపెట్టుకున్నది.

తొలి కెరటాలను పడవ సునాయాసంగా ఎక్కి దిగింది. ఇసుకతిప్ప దగ్గర మూడు కెరటాలు ఒకదాని వెనుక ఒకటి లేచినవి. రెండవదాని మీద పడవ తోక గాలిలోకి లేచింది. పంకా నీటిని విడిచి కీచుమని అరిచింది. మూడవది విరిగి మోటారు మీద పడింది. చప్పుడు ఆగిపోయింది.

ఆగిన చోట గాలి, నీరు తప్ప మరేమీ వినబడలేదు. "తెడ్లెయ్యండిరా!" అని పోలయ్య అరిచాడు. వెంకయ్య అప్పటికే ముక్కు దగ్గర తెడ్డు దించి, పడవ అడ్డం తిరగకుండా కెరటానికి ఎదురుగా నిలిపి పట్టాడు. మెడ నరాలు తాళ్లలా లేచినవి. ఆ క్షణంలో అతడు పట్టు సడలించి ఉంటే ఉగాదికి పీట అతనిదే అయి ఉండేది. ఆ సంగతి అతనికి తోచను కూడా లేదు.

పోలయ్య దరియావలి వైపు చూశాడు. ఆ ముఖం సున్నం కొట్టినట్టున్నది. పెదవులు బిగబట్టి ఉన్నవి. అతని నుండి మాట రాదు, సాయం రాదు. పోలయ్య తలపాగా విప్పాడు. లోపలి మడత పొడిగా ఉన్నది. దానితో ప్లగ్గు తల తుడిచాడు, తీగ తుడిచాడు, ఊది చూశాడు. నిన్న చాప మీద పెట్టిన ముక్కలన్నీ కళ్ల ముందు వరుసగా నిలిచినవి. తాడు చుట్టి, కుడి మోచేతిని అంచుకు ఊతం పెట్టి, ఎడమచేత్తో లాగాడు. దగ్గింది. మళ్లీ లాగాడు. మోటారు గొంతు విప్పింది.

"పట్టిందిరా!" అని వెంకయ్య కేక వేశాడు. "పోనీయ్ బావా, పోనీయ్!"

పడవ తిప్పను దాటి నిండు సముద్రంలో పడింది. అక్కడ ఒక పెద్ద చుట్టు తిరిగి, పోటు వాటం చూసుకొని, తిరిగి మొగలో ప్రవేశించి, ఈసారి ఎక్కడా ఆగకుండా ఒడ్డున ఇసుకను ముద్దాడింది. దరియావలి దిగి, రెండడుగులు నడిచి, మోకాళ్ల మీద కూలబడి వాంతి చేసుకున్నాడు. పెద్దకాపు దగ్గరికి వచ్చి వంగి చూశాడు.

"తాంబూలం ఏదయ్యా?"

దరియావలి కళ్లు తుడుచుకున్నాడు. "ఆ మూడో అలకు మింగేసినా కాపన్నా."

అక్కడ ధర్మసందేహం పుట్టింది. ఉమ్మితే బేరం చెడుతుందని పూర్వులు చెప్పారే గాని, మింగితే ఏమవుతుందో చెప్పలేదు. పెద్దలు కొంతసేపు తర్జనభర్జన పడ్డారు. చివరకు పెద్దకాపు తీర్పు చెప్పాడు. "ఉమ్మినోడు మాట కక్కినట్టు. మింగినోడు మాట కడుపులో పెట్టుకున్నట్టు. బేరం నిలిచింది. పోలయ్యా, పీట నీదే. మోటారు మాత్రం ఏది తీసుకుంటావో నీ ఇష్టం. మద్రాసుది ఇంకా ఉండాది గదా?"

పోలయ్య మాలకొండమ్మ వైపు చూశాడు. ఆమె కొంగు నోటి నుండి తీసి, "నన్నడగబాక. నేను ముట్టుకుంటే నీళ్లు పోస్తా," అన్నది.

"పెద్దకాపూ, కొత్తది మంచిదే," అన్నాడు పోలయ్య. "ఆ అయ్య కూడా మంచోడే. కాని ఇందాక ఆడ ఆగినప్పుడు సీలున్న మోటారైతే నేను మద్రాసు దిక్కు చూస్తా కూర్చునుందును. దీని కడుపులో ఏముండాదో నాకు తెలుసు. నాకిదే గావాల."

వెంకయ్య తడిసిన పంచె పిండుకుంటూ, "పీట పోయింది, ఇడ్లీలన్నా పెట్టించు బావా," అన్నాడు.

ఆ పైన జరిగినది ఇది. శోభకృత్తు ఉగాది నాడు పోలయ్య తన పీట మీద కూర్చొని పడవను వేటకు నడిపించాడు. మద్రాసులో పక్కన పెట్టించిన మోటారు అక్కరలేదని సంఘం ద్వారా సంజీవరావుకు ముందుగానే తెలియజేశాడు. పాత మోటారు 1967 వరకు నడిచింది. విరిగిన రెక్కను మధ్యలో ఒకసారి మార్చారు. ఆ ఏడు సంఘంలో తన వంతు వచ్చినప్పుడు పోలయ్య కొత్త మోటారు తీసుకున్నాడు. అప్పటికి కంపెనీ వారు సీలు పద్ధతి మానుకొని, కొన్నవారికి విప్పడం, బిగించడం నేర్పిస్తున్నారు. నేర్పడానికి వచ్చినవాడు సంజీవరావే. అతడు తాంబూలం వేసుకొని మొగ దాటాడు, ఉమ్మలేదు, మింగలేదు. పాత మోటారును వెంకయ్య తన సొంత పడవకు బిగించుకొని, ఆ పడవకు తానే తండేలయ్యాడు. దరియావలి వాకాడులో రెండవ పాక వేసి, వారానికొకసారి వచ్చి తీరపు మోటార్లు చూసి పోయేవాడు. సముద్రం మాత్రం మళ్లీ ఎక్కలేదు. పోలయ్య 1969 చివరి నాటికి కూడా చుక్కాని విడువలేదు. మొగపాళెంలో మధ్యాహ్నం పడవలు తడిపే ఆడవారు, ముందుగా మోటారు మీద తాటాకు గంప బోర్లించి, ఆ తరువాతనే కుండ ఎత్తుతారు. ఆ గంప మొదట అల్లినది మాలకొండమ్మ.